అబ్లావా కషాయంలో ఏముంది

హో అనే పట్టణంలో మోకాళ్ల నొప్పులున్న వాళ్లెవరికీ అబ్లావా పేరు తెలియకుండా ఉండదు. ఆమె బెరళ్లు కాచి సీసాల్లో పోసి అమ్మే కషాయం నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పోతోంది. ఈ ఏడాది మాత్రం దాని పేరు ఇంకాస్త మోగింది. తాగిన అరగంటకే నొప్పి తీసేసినట్టు పోతోందని లారీ డ్రైవర్లు పెట్టెలకు పెట్టెలు కొనుక్కుపోయారు. వాళ్లలో కొద్జో అనే పెద్దాయన మూడు పూటలా అదే తాగుతూ వచ్చి, ఒక ఉదయం రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చేరాడు. అతని సంచిలో దొరికిన సీసాను డాక్టర్లు పరీక్షకు పంపారు.

అలా అది ఎసినామ్ చేతికి వచ్చింది. ప్రయోగశాలలో క్రొమటోగ్రఫీ యంత్రం ముందు పదకొండేళ్లుగా కూర్చుంటున్న మనిషి ఆమె. కషాయాన్ని పలచన చేసి, వడకట్టి, చిటికెన వేలంత గాజు బుడ్డిలో పోసి యంత్రానికి అందించింది. మెత్తటి పొడి దట్టించిన ఉక్కు గొట్టంలోంచి యంత్రం దాన్ని నెట్టుకుపోతుంది. అందులోని పదార్థాలన్నీ ఒక్కసారే బయల్దేరినా, పొడిని అంటిపెట్టుకునే గుణాన్ని బట్టి ఒక్కొక్కటీ ఒక్కో సమయానికి బయటపడుతుంది. బయటపడిన ప్రతిదానికీ తెరమీద గీత కొండలా లేస్తుంది. బెరడు సరుకంతా చిన్న చిన్న గుట్టలుగా వచ్చింది. ఏడో నిమిషంలో మాత్రం ఒక కొండ నిలువునా లేచింది. సరిగ్గా డైక్లోఫెనాక్ అనే నొప్పిమాత్ర వచ్చే చోటది; మోతాదు మించితే కడుపులో పుండు పెట్టి రక్తం కక్కించే మందు.

ఎసినామ్‌కు అనుమానం లేదు. అబ్లావాకు కబురు పంపింది. మర్నాడు పొద్దున్నే అబ్లావా పెద్ద సంచీ ఒకటి భుజాన వేసుకుని దిగింది.

"నా మందులో ఇంగ్లీషు మాత్ర ఉందన్నది నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. మా అమ్మ నేర్పిన మందిది. మీ అమ్మ కూడా తాగే ఉంటుంది, అడుగు."

"తాగింది. మీ ఖాళీ సీసాల్లోనే ఇప్పటికీ పామాయిల్ పోసుకుంటుంది."

అబ్లావాకు నవ్వు రాబోయింది, ఆపుకుంది. "సరే, ఒకటి చెప్పు. నా బెరట్లో ఎన్ని సరుకులున్నాయో తెలుసా నీకు?"

"తెలీదు. వందకు పైనే ఉంటాయి."

"ఆ వందలో ఒకటి మీ మాత్రతో సమానంగా నడిచి, అదే నిమిషానికి బయటికొచ్చిందనుకో. అప్పుడేమంటావ్?"

ఎసినామ్ చేతిలోని కలం పక్కన పెట్టింది. లాయర్లను వెంటేసుకుని వచ్చిన కంపెనీల వాళ్లను ఆ గదిలో ఎందరినో చూసింది. ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"అడగాల్సింది అదే పెద్దమ్మా. లోపలికి రండి, మీ కళ్లముందే తేల్చేద్దాం."

అబ్లావాకు తెల్లకోటు తొడిగి తెర ముందు కూర్చోబెట్టింది. కషాయంలో స్వచ్ఛమైన డైక్లోఫెనాక్ చుక్క కలిపింది. "రెండూ వేరైతే కొండ చీలుతుంది. ఒకటే అయితే ఈ కొండే ఎత్తు పెరుగుతుంది."

మూడో నిమిషంలో కరెంటు పోయింది. జనరేటర్ వేసి, యంత్రం మళ్లీ కుదుటపడేదాకా ఇద్దరూ వరండాలో కూర్చుని అబ్లావా తెచ్చిన కాల్చిన అరటికాయలు, వేరుశనగలు తిన్నారు.

"మీ యంత్రానికీ మోకాళ్లు పట్టేసినట్టున్నాయి" అంది అబ్లావా.

"మీ కషాయం తాగబట్టే" అంది ఎసినామ్. ఈసారి ముసలామె నవ్వు ఆపుకోలేదు.

మళ్లీ నడిపితే కొండ చీలలేదు, ఎత్తు పెరిగింది. ఎసినామ్ కషాయాన్ని గొట్టంలో నెట్టుకుపోయే ద్రావకం మార్చింది. కషాయంలోని కొండ ఇంకో నిమిషానికి జరిగింది. స్వచ్ఛమైన మందు కూడా సరిగ్గా అక్కడికే జరిగింది. "దారి మార్చినా ఇద్దరూ చెయ్యి వదల్లేదు, చూశారా?"

అబ్లావా సంచిలోంచి ఎండు బెరడు తీసి బల్లమీద పెట్టింది. "అయితే దీన్ని కాచి చూడు."

ఎసినామ్ కాచింది. "మంట తగ్గించమ్మా, టీ అనుకున్నావా?" అని పక్కనుంచి గదమాయింపు. మొదటి ద్రావకంతోనే ఆ కషాయం పంపితే చిన్న గుట్టలన్నీ వాటి వాటి చోట్ల లేచాయి. ఏడో నిమిషంలో గీత చాప పరిచినట్టు పడుకుంది.

"చూశావా!" అని అబ్లావా తొడ చరిచింది.

"చూశాను. మీ బెరట్లో తప్పు లేదు. మరి సీసాలోకి ఎలా వచ్చింది?"

ముసలామె ముఖంలో వెలుగు తగ్గింది. సంచి అడుగునుంచి ముడివేసిన పొట్లం తీసింది. లోపల తెల్లటి పొడి.

"ఇదీ పెట్టు. బెరడు తెచ్చేవాడు ఈ ఏడు మొదట్లో ఇచ్చాడు, తెల్లవేరు పిండని. నా నాలుక్కి తెలియని వేరుందా? రుచి చూసిన రోజే అనుమానం వచ్చింది. కానీ జనం పరిగెత్తుకొస్తుంటే, ఇన్నేళ్లకు నా చేతికి మహత్తు వచ్చిందని పొగుడుతుంటే... వాణ్ణి అడగలేదు."

ఆ పొడికి తెరమీద ఒకే ఒక్క కొండ లేచింది. "వేరైతే ఇలా ఒంటరిగా రాదు పెద్దమ్మా."

"ఇది లేకపోతే నా మందు పనిచేస్తుందా?"

"అది ఈ యంత్రం చెప్పదు. ఏముందో, ఎంతుందో చెబుతుంది, అంతే. నొప్పి తగ్గిందో లేదో మనుషుల్ని కనుక్కుని తేల్చాలి."

ఎసినామ్ నివేదికలో ఏదీ దాచలేదు. అబ్లావా చెప్పిన పేరు పట్టుకుని అధికారులు ఆ బెరడు వ్యాపారి గోదాముకు తాళం వేశారు. అబ్లావా మందు అమ్మే అనుమతి కూడా ఆరు నెలలు ఆగిపోయింది. ఆమె ఆసుపత్రికి వెళ్లి, కోలుకుంటున్న కొద్జోకు ఉన్నదున్నట్టు చెప్పింది. అతను అటు తిరిగి పడుకున్నాడు. సంత రోజున మైకు పట్టుకుని, "సీసాలు వెనక్కి తెండి, అందులో మాత్ర కలిసింది, కలిపింది నా చెయ్యే" అని నాలుగు వీధులూ వినేలా చెప్పింది. కొందరు తిట్టారు. ఒకడైతే చాటుగా వచ్చి, ఆ గట్టి మందే ఇంకోటి ఉందా అని అడిగి చీవాట్లు తిని పోయాడు.

మళ్లీ అమ్మకం మొదలయ్యేసరికి కొనేవాళ్లు సగానికి తగ్గారు. అబ్లావా ఏమీ చిన్నబోలేదు. సీసా చేతిలో పెడుతూ ప్రతివాడితోనూ అంటోంది: "బెరడే ఇది, నెమ్మదిగా పనిచేస్తుంది. అరగంటలో పరిగెత్తాలంటే డాక్టరు దగ్గరికి పో నాయనా."