శనివారం మాత్ర

గుడ్లు ఉడుకుతున్న గిన్నె మీద మూత తీసేటప్పుడు సక్రి ఈసారి ముఖం పక్కకి తిప్పుకోలేదు. మొన్నమొన్నటిదాకా ఆ వాసనకే కడుపులో దేవేది. ఇవాళ కొంచెమే వికారమనిపించింది. నిమ్మచెక్క ఒకసారి వాసన చూసి, పప్పు కలపడానికి వంగింది.

పెనుబల్లి దగ్గర తండా బడిలో ఆమె పద్నాలుగేళ్లుగా వంటమనిషి. నలభై ఆరేళ్లు, బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా కాలిన మచ్చలు. పోయిన వానాకాలంలో వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి, గరిటె మీద పట్టు పోయింది. ఖమ్మం పెద్ద దవాఖానాలో డాక్టరు, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన బలమే దారితప్పి కీళ్ల మీద పడిందన్నాడు. వారానికి ఒక్కరోజే వేసుకునే మాత్రలు రాసి, అన్నం తిన్నాకే మింగమన్నాడు.

సక్రి శనివారం ఎంచుకుంది. వెంకన్నకి ఒక్కపొద్దు ఉండే రోజైతే మరిచిపోనని. దేవుడి రోజున మందు బాగా పనిచేస్తుందని కూడా. దీపం పెట్టి, ఉత్త కడుపుతో మింగేసేది. ఆదివారమంతా వాంతులు. సోమవారానికి నోటి నిండా పూత, దువ్వెన నిండా జుట్టు. పొయ్యి దగ్గర నిలబడలేక పక్కింటి రమణని సాయానికి పిలుచుకుంది. ఆ పని ఇక రమణకే పోతుందని తండా అంతా అనుకుంది. సక్రీ అనుకుంది. పని మిగలాలంటే మందు మానాలి, మందు మానితే చేతులు మిగలవు. ఏడుపొచ్చి, ఒకరోజు మాత్రలన్నీ మూటగట్టింది, వాగులో పారేద్దామని. పారెయ్యలేకపోయింది.

నెల కిందట రక్తపరీక్షకి వెళ్లినప్పుడు, మాత్ర ఎప్పుడు, ఏం తిని వేసుకుంటున్నావని నర్సు ప్రమీలారాణి అడిగింది. సక్రి ఉన్నదున్నట్టు చెప్పింది. నర్సు నవ్వలేదు.

"శనివారం రాత్రే వేసుకో, కానీ కడుపునిండా తిను. ఒక్కపొద్దు వేరే రోజు పెట్టుకో."

"దేవుడు ఏమనుకుంటడో మేడం."

"నువ్వు నిలబడితేనే గదా ఆయనకి దీపం పెట్టేది."

పూత తగ్గడానికి వేరే రోజు వేసుకోమని డాక్టరు ఇంకో చిన్న మాత్ర రాశాడు. సక్రి దేవుణ్ణి గురువారానికి జరిపింది. వెంకన్న ఏమీ అనలేదు. ఆదివారం ఇప్పటికీ తల బరువుగానే ఉంటుంది, పడుకుంటుంది. సోమవారానికి లేస్తుంది.

అన్నం ఉడికింది. డెబ్బై మంది పిల్లల అన్నం. రమణ అలవాటుగా గిన్నె రెండో చెవి పట్టుకోబోయింది. సక్రి వద్దంది. తనే వంచి గంజి వార్చింది. వేళ్లు నొచ్చాయి, పట్టు జారలేదు. గట్టిగా నవ్వాలనిపించింది, నవ్వేసింది. బడి వరండాలోంచి పిల్లలు తొంగిచూశారు.

వాళ్లు తిని లేచాక రమణ గిన్నెలు కడిగి, కొంగు దులుపుకుంది.

"రేపటి నుంచి మిరపకోతకు పోతనక్కా. ఇగ నీకు నాతోని పని లేదు."

"చెయ్యందించినవు రమణా. మరువను," అంది సక్రి.

రమణ గేటు దాటి వెళ్లిపోయింది. ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న మసిగుడ్డ తొట్టి అంచునే ఉండిపోయింది. సక్రి దాన్ని ఉతికి, రెండు చేతులతో మెలిపెట్టి చివరి చుక్క దాకా పిండింది. కిటికీ ఊచకి వేశాక కూడా ఆ గుడ్డలో మెలిక చాలాసేపు విడలేదు.