ఫోటోలో మనుషులు ఉండకూడదు

రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. మంచి మలుపు దగ్గర బండి ఆపించి, అందరూ దిగి గట్టు మీద వరసగా నిలబడతారు. ఖాళీ బండి వెనక్కి వెళ్ళి, పొగ కక్కుతూ మళ్ళీ వాళ్ళ ముందు నుంచి వస్తుంది. అప్పుడు ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోల్లో మనుషులు ఉండకూడదు.

ఈ విషయంలో మావారు వంశీధర్ మరీ పట్టుదల మనిషి. పెళ్ళయినప్పటి నుంచీ ఇలాంటి ప్రయాణాలన్నిటికీ నన్ను తీసుకువెళ్ళారు. ఒక్క బండితోనూ నాకు ఫోటో లేదు. అందరూ దిగినప్పుడు సామాన్ల దగ్గర ఉండిపోయేది నేనే. బండి తిరిగి వచ్చేలోపు కిటికీల షట్టర్లు దించి, కనపడకుండా కూర్చోవాలి.

ఈసారి వెళ్ళింది బిల్లిమోరా నుంచి అడవిలోకి పోయే చిన్న బండిలో. బాగుచేసిన పాత బొగ్గు ఇంజన్‌ను మా సూరత్ రైలు అభిమానుల సంఘం కోసం ఆ ఒక్కరోజుకు తగిలించారు. నేను సూరత్ పక్కన ఉధ్నాలో మా క్వార్టర్స్‌లో పొద్దున్నే లేచి అందరికీ పులిహోర కలిపాను. వర్షిణి చేతులూపుకుంటూ వచ్చింది.

ఆ అమ్మాయి బ్యాంకులో ఆఫీసరు. సంఘంలో కొత్తగా చేరింది. మొదట్లో మావారు "వర్షిణి గారూ" అనేవారు. ఇప్పుడు గారు పోయింది. దారంతా ఎదురుగా కూర్చుని బాయిలరు గురించి ఏదో ఒకటి అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నారు. నేను ఫిజిక్సు చదువుకున్నదాన్ని. ఇంట్లో అదే మాట నేనడిగితే, నీకెందుకులే అంటారు. ఆమె కంట్లో నలుసు పడితే జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. ఆ రుమాలు ఇస్త్రీ చేసింది నేను.

టేకు చెట్ల మధ్య మలుపు వచ్చింది. బండి ఆగింది. అందరూ దిగుతుంటే మావారు వెనక్కి తిరిగారు.

"వర్షిణీ, నువ్వు దిగకు. తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపు. ఆ ఎర్ర కుర్తా పచ్చదనంలో బాగుంటుంది." తరువాత నాతో, "సుప్రజా, షట్టర్లు దించు" అన్నారు.

అన్నీ దించాను, నాది తప్ప. బండి మలుపు తిరిగి కెమెరాల ముందుకు రాగానే తల బయటికి పెట్టి నిదానంగా వాళ్ళందరినీ చూశాను.

గట్టు మీద గోల మొదలైంది. సంఘం పెద్ద ధర్మరాజుగారు డ్రైవరును బతిమాలి ఇంకొక్కసారికి ఒప్పించారు. మావారు నా కిటికీ కిందికి వచ్చారు.

"కనిపించావు."

"కనిపించాలనే."

ఆయనకేమీ అర్థం కాలేదు. ఈసారి సామాన్లు మీరు చూడండి, ఫోటో నేను తీస్తాను అన్నాను. నలుగురి ముందు కాదనలేక కెమెరా నా మెడలో వేసి, ఏ మీట నొక్కాలో చూపించి, బండెక్కారు.

బండి వెనక్కి కదిలాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. ఆ పెట్టెలో ఉన్నది వాళ్ళిద్దరే. షట్టర్లన్నీ దించి మరీ దిగాను.

"ఏమ్మా, మావాణ్ణి ఆ పిల్లతో అడవిలోకి పంపించేశావే?" అన్నారు ధర్మరాజుగారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

బండి మలుపు అవతల చాలాసేపు ఆగిపోయింది. చెట్ల మీద పొగ తప్ప ఏమీ కనిపించదు. ఆయన ఏం చెబుతుంటారో, ఆమె ఏం అడుగుతుంటుందో అన్నీ నేనే అనుకున్నాను. పులిహోర డబ్బా మూత కూడా తీసే ఉంటారనుకున్నాను.

కూత వేసి బండి వచ్చింది. బయటి నుంచి చూడడం నాకు అదే మొదలు. ఎంత బాగుందో చెప్పాలని కూడా నాకనిపించలేదు. తలుపు దగ్గర వర్షిణి చెయ్యి ఊపుతోంది. తలుపును ఆనుకుని ఉన్న కిటికీలోంచి మావారు నడుము దాకా బయటికి వంగి ఉన్నారు. ముఖం నిండా మసి. ఇంజన్‌ను చూడకుండా ఉండలేకపోయినట్టున్నారు. వెనక ఉన్న ఆమె వైపు చూడడం లేదు.

"తల లోపల పెట్టవయ్యా!" అని గట్టు మీది వాళ్ళు కేకలేశారు. నా ప్రాణం కుదుటపడింది. అంతలో ఆ పెట్టె నా ముందు నుంచే వెళ్ళింది. ఆయన నన్నూ చూడలేదు. మీట నొక్కాను.

మళ్ళీ బండెక్కాక మావారు ఫోటో చూసి నాలుక కరుచుకున్నారు.

"నేనే చెడగొట్టాను. తీసెయ్."

"ఉంచుకుంటాను."

ఇంటికి వచ్చాక దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి ఆ ఎర్ర కుర్తా ఉన్నంత మేర కత్తిరించి తీసేయాలని చూశాను. ఆమె ఊపుతున్న చెయ్యి ఆయన భుజం మీదికి వచ్చింది. అది తీస్తే ఆయన సగమే మిగులుతారు. అలాగే ఉంచాను.

వర్షిణి ఆ ఫోటో పంపమని రెండుసార్లు అడిగింది. వెతుకుతానన్నాను.