నోటిమాట లేయరు

"ఆ బాల్కనీ బొమ్మ గీసింది నువ్వేనటగా అమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ ఆవిడ జుట్టునిండా సిమెంటు దుమ్ము. తాపీమేస్త్రి భార్య. పొద్దున ఎనిమిదింటికి, ఇంకా కడుతూ ఉన్న మేడ మూడో అంతస్తులో ఒక బాల్కనీ విరిగిపడింది. కింద గోడకి పూత వేస్తున్న మేస్త్రి మోకాళ్ళు రెండూ నలిగిపోయాయి. ఆయన్ని ఆసుపత్రిలో చేర్పించి, ఆవిడ తిన్నగా ఈ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

కంప్యూటరు ముందున్న గీతలక్క లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళుగా మేడల నక్షాలు గీస్తోంది కాబట్టి ఆఫీసులో అందరికీ ఆవిడ గీతలక్కే. అసలు పేరు ఉందన్న సంగతి పద్దెనిమిది వేల జీతం కాగితానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"నేనే గీశాను. ఎవరు చెప్పారు?"

"మేనేజరుగారే. లెక్క తప్పు రాసింది బొమ్మలు గీసే ఆవిడ, పోయి ఆవిణ్ణే అడుక్కో అన్నారు." ఆవిడ గొంతు పెంచలేదు. "చదువుకున్నదానివి. కాస్త చూసి రాయొద్దూ తల్లీ?"

అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. గీతలక్క ఆవిణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మేనేజరు గది తలుపు తోసింది.

అతను పదకొండేళ్ళ కిందట ఈ ఆఫీసుకొచ్చినప్పుడు చేతిలో డిగ్రీ ఉంది గానీ, మౌసు పట్టుకుని సరళరేఖ గీయడం రాదు. ఎనిమిది నెలలు ఒకే కంప్యూటరు ముందు పక్కపక్కన స్టూళ్ళు వేసుకుని కూర్చోబెట్టి నేర్పింది. గోడలు ఒక లేయరులో, అంటే ఒక పొరలో, తలుపులు ఒక లేయరులో, కమ్మీలు ఒక లేయరులో గీయాలని. అక్కర్లేని లేయరుని ఫ్రీజ్ చేస్తే అది తెరమీదా కనబడదు, అచ్చులోనూ రాదని. అయినా ఎక్కడికీ పోదని. తమ్ముడూ అని పిలిచింది. తన క్యారియర్లో సగం పెట్టింది. అతను మేనేజరైన రోజున సొంత తమ్ముడికి ఉద్యోగమొచ్చినట్టు సంబరపడింది. పిచ్చిది.

"రా అక్కా, కూర్చో," అన్నాడతను. బల్లమీద ఆ పొద్దున తీసిన అచ్చు, దానిపక్కన ఒక ఉత్తరం ఉన్నాయి.

ఉత్తరంలో నాలుగే వాక్యాలు. మూడో అంతస్తు మూల బాల్కనీలో పై కమ్మీలు అయిదంగుళాలకొకటి ఉండాల్సింది, నేను పొరపాటున పదంగుళాలకొకటి అని రాశాను, ఈ పొరపాటు ఆ ఒక్క బాల్కనీలోనే జరిగింది, దీనికి నాదే బాధ్యత. కింద గీతలక్క సంతకానికి జాగా.

గీతలక్క అచ్చు కాగితం కుడిమూల చూసింది. గీసినవారు అన్న గడిలో తన పేరు పొడి అక్షరాలున్నాయి. సరిచూసినవారు అన్న గడి ఖాళీగా ఉంది. ఆరునెలల కిందట ఆ గడిలో అతని అక్షరాలు తనే టైపు చేసింది. అతను పక్కనే నిలబడి చూశాడు కూడా.

"నీ పేరేదీ?"

అతను కిటికీ వైపు చూశాడు. "నిన్నెవరూ ఏమీ చెయ్యరక్కా. మనిషన్నాక పొరపాటు జరుగుతుందంటారు, వదిలేస్తారు. నా పేరుంటే ఆఫీసే మూతపడుతుంది. నీ ఉద్యోగం నేను చూసుకుంటా."

"కమ్మీలు తగ్గించమన్నది నువ్వు. బాల్కనీకి పందొమ్మిది కిలోల ఇనుము మిగులుతుందని చెప్పి మరీ మార్పించావు. ఒక్కటి కాదు, ఇరవై నాలుగూ. మిగతా ఇరవై మూడిటి మాటేమిటి?"

"అవి నిలబడే ఉన్నాయిగా."

"మేస్త్రి మీద పడింది కూడా నిన్నటిదాకా నిలబడే ఉంది!"

"మెల్లగా అక్కా, బయట ఆవిడుంది."

"ఆవిణ్ణి నామీదికి పంపింది నువ్వే కదా? నా దగ్గర నేర్చుకుని, నా అన్నం తిని... ఒక్క గంట ముందు నాతో చెప్పడానిక్కూడా నీకు మనసొప్పలేదా?" గీతలక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం వస్తే ఏడుపొచ్చే మనిషి. అందుకు తనమీద తనకే చిరాకు. "నువ్వన్న మాట రాసిపెట్టాను. నా అలవాటు నీకు తెలుసు."

తెలుసు. ఆఫీసంతా నవ్వుకునే అలవాటది. ట్రేసింగు కాగితం మీద పనిచేసిన రోజుల్లో తప్పుగీతని బ్లేడుతో గీకేవాళ్ళు. ఎంత నేర్పుగా గీకినా కాగితం మీద మచ్చ మిగిలేది. కంప్యూటర్లో ఆ మచ్చ కూడా మిగలదు. అందుకని ఎవరైనా నోటితో మార్పు చెబితే, మారిన చోటు చుట్టూ మబ్బులాంటి గీత గీసి, చెప్పిన మాటని తేదీతో సహా రాసి ఒక లేయరులో దాచేది. ఆ లేయరు పేరు నోటిమాట. ఫ్రీజ్ చేసి వదిలేసేది.

"లేదక్కా," అన్నాడతను, కాస్త సిగ్గుపడుతూనే. "సంగతి తెలియగానే, నువ్వు రాకముందే వచ్చి ఫైలంతా పర్జ్ కొట్టాను. కనబడనివన్నీ పోయాయి. సంతకం పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది."

 రెండోవారంలో గీతలక్క చెప్పిన పాఠం అది. పర్జ్ ఖాళీ పెట్టెల్నే పారేస్తుంది తమ్ముడూ, సామానున్న పెట్టె జోలికి పోదు, అది కంటికి కనబడకపోయినా సరే అని. చెప్పినప్పుడు తలూపాడు. ఏడేళ్ళుగా ఒక్క గీతా గీయలేదు కదా, మర్చిపోయాడు.

"పెట్టను," అంది.

"అక్కా..."

"అలా పిలవకు."

బయటికొచ్చి, మేస్త్రి భార్య పక్కనే నిలబడి, వంగి ఫైలు తెరిచింది. లేయర్ల జాబితాలో అట్టడుగున నోటిమాట ఉంది. ఫ్రీజ్ తీసింది. నక్షామీద మబ్బుగీతలు ఒక్కసారిగా తేలాయి, బాల్కనీకొకటి చొప్పున ఇరవై నాలుగు. పక్కన ఎర్ర అక్షరాలు: 'పై కమ్మీలు పదంగుళాలకొకటి చాలన్నది మేనేజరు. ప్రమాదమన్నాను. నేను చూసుకుంటా అక్కా అన్నారు.'

 గీతలక్క ఆ కిందనే ఇంకో వాక్యం టైపు చేసి అచ్చుకిచ్చింది. గదిమూల పెద్ద ప్రింటరు గురగురమంటూ కాగితాన్ని బయటికి తోయసాగింది. మేనేజరు తన గుమ్మందాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"ఏమిటమ్మా అది?" అంది మేస్త్రి భార్య.

"నీకు చదవడం వచ్చా?"

"రాదు తల్లీ."

"అయితే నేను చదువుతా. ఇది పట్టుకుని ఎక్కడికి పోవాలో, అక్కడికి నీతో నేనూ వస్తా. కానీ ముందు ఇది విను. విన్నాక నాతో రావాలో వద్దో నువ్వే చెప్పు."

కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, అన్నిటికంటే కిందున్న వాక్యం దగ్గర మొదలుపెట్టింది గీతలక్క.

"ప్రమాదమని తెలిసి కూడా గీశాను."