అరచేతి దేవుడు

పూజసామాను తోమడం ఆ ఇంట్లో కోడలి పని. తోమిన సామానుతో పూజ చేయడం ఆమె భర్త పని. పుణ్యం మాత్రం ఇంటిల్లిపాదికీ వస్తుందట. ఆ ఆదివారం పొద్దున సింకు ముందు నిలబడి నిమ్మచెక్కతో ఇత్తడి కుందులు రుద్దుతుండగా ఆమెకు నెలసరి వచ్చింది. కుందులు అక్కడే వదిలేసి, "అత్తయ్యా, ఈ రోజు నుంచి నేను బయట" అని చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది. అలా చెప్పడానికి సిగ్గు పోయి చాలా ఏళ్ళయింది. బాధే పోలేదు, ఎందుకంటే ఆమె దేవుడు కూడా ఆ ఇంటి పూజామందిరంలోనే ఉన్నాడు.

ఆమె పుట్టింటివాళ్ళు లింగధారులు. ఇంట్లో విగ్రహాలుండవు. చిన్న వెండి బరిణెలో నల్లటి శివలింగం, దానికి దారం కట్టి ఎవరి మెడలో వాళ్ళకు. స్నానం కాగానే లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, రెప్ప వాల్చకుండా చూస్తూ కూర్చోవడమే పూజ. ఆడా మగా తేడా లేదు, మైలా లేదు. అమ్మ నెలసరి రోజుల్లోనూ అలాగే కూర్చునేది. కూతురి మెడలో కట్టిన రోజున నాన్న, "ప్రాణం పోయేదాకా దీన్ని వదలకూడదు తల్లీ" అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు అది చూసి ప్రేమగానే మాట్లాడింది. "ఏ దేవుడైతే ఏముందమ్మా, అందరూ ఒక్కటే. మందిరంలో మా దేవుళ్ళ పక్కన పెట్టు, రోజూ మావాడే పూజ చేస్తాడు." గదిలో భర్త ఇంకో మాట అన్నాడు. "నీ మెడలో అది వేలాడుతుంటే మీ తాతగారి పక్కన పడుకున్నట్టుంది." ఆమె కూడా నవ్వేసి తీసి ఇచ్చింది. ఆ నవ్వుకు తనను తాను ఇంకా క్షమించుకోలేదు. అందరూ ఒక్కటే అయినప్పుడు, ఎప్పుడూ ఒకవైపు వాళ్ళే సర్దుకోవడం ఏమిటి?

అప్పటినుంచీ ఆమె అరచేతికి దిగులు పట్టుకుంది. ఆఫీసులో ఫోన్ చెవికి ఆనించుకుని కస్టమర్ల తిట్లు వింటున్నప్పుడు ఎడమచెయ్యి దానంతటదే ఒళ్ళో వెల్లకిలా తెరుచుకుంటుంది. ఆ చిన్న బరువు కావాలనిపిస్తుంది, ఒంటి వేడికి మెల్లగా వెచ్చబడే ఆ నునుపు కావాలనిపిస్తుంది. పుట్టింట్లో అమ్మ చేతిలో లింగం ఉన్నంతసేపూ ఎవరూ ఆమెను పిలిచేవారు కాదు. చంటి తమ్ముడు ఏడ్చినా నాన్నే ఎత్తుకునేవాడు. అలాంటి కాసేపు కోసం కోడలి ప్రాణం కొట్టుకుపోతోంది.

"ఒత్తులెక్కడ?" మందిరంలోంచి భర్త కేక.

"కుడివైపు అరలో."

"అగ్గిపెట్టో?"

"ఒత్తుల పక్కనే."

"మరి నూనె?"

"మీ చేతి దగ్గరే ఉంటుంది, చూడండి."

ఏళ్ళ తరబడి పూజ చేస్తున్న మనిషి! దేవుడే ఆయన్ని కాపాడాలి. కాసేపటికి చిరాగ్గా గుమ్మంలోకొచ్చి, "మీవాడికి నీళ్ళు పోయాలా, పాలు పోయాలా? ఏదో ఒకటి పోసేశాలే" అన్నాడు.

ఏదో ఒకటి! ఆమె లేచింది. స్నానం చేసి వచ్చి తిన్నగా మందిరంలోకి నడిచి, విగ్రహాలకు చెయ్యి తగలకుండా తన బరిణె తీసుకుంది. ముందుగదిలో నేలమీద కూర్చుని లింగాన్ని అరచేతిలో పెట్టుకుంది. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"ఎంత పని చేశావే! ఇల్లంతా మైల!" అత్తగారు గుండె పట్టుకుంది.

"మీ దేవుళ్ళను తాకలేదత్తయ్యా. వీడికి మైల లేదు. ఇకనుంచి నా దగ్గరే ఉంటాడు."

"ముందు అది అక్కడ పెట్టెయ్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు భర్త. ఆమె చూపు తిప్పలేదు.

"నేను రాలేదా ఈ ఇంటికి కాపురానికి?" అత్తగారి గొంతు పెరిగింది. "మా పుట్టింట్లో అమ్మవారుండేది. ఉత్త రాయి. మంత్రాల్లేవు, పాడూ లేదు. మా అమ్మ ఆవిడతో కబుర్లు చెప్పేది, కోపమొస్తే తిట్టేది కూడా. ఈ ఇంటివాళ్ళు నవ్వుతారని అక్కడే వదిలేసి వచ్చాను. ఇన్నేళ్ళలో తెచ్చుకుంటానని ఒక్కసారైనా అడిగానా?"

కోడలు అప్పుడు తలెత్తింది. "ఎందుకడగలేదత్తయ్యా?"

అత్తగారు కొడుకు వంక చూసింది. మెల్లగా వచ్చి కోడలికి ఎదురుగా చతికిలబడింది.

"అడగొచ్చని నాకు తెలీదే" అంది.