మూతి బిగించిన డ్రైవింగ్ మాస్టారు

అల్లుడి దగ్గర కారు నేర్చుకోవద్దని చుట్టాలందరూ చెప్పారు. నేను వినలేదు. ఇంట్లోనే డ్రైవింగ్ స్కూలు పెట్టుకుని పరాయివాళ్ళ చేత తిట్లు తినడమేమిటి? అల్లుడు అత్తగారిని తిట్టలేడు, అత్తగారు అల్లుడి మాట జవదాటకూడదు. చదువు సాగడానికి ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది.

మా అల్లుడు చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. సూది వేసుకుని తిండి ఆలస్యం చేస్తే ఒంట్లో చక్కెర దబ్బున పడిపోతుంది. ముందు చెమటలు, తర్వాత తిక్క, ఆ పైన పొంతన లేని మాటలు. మింగగలిగినంతసేపూ తీపి తాగించాలి, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సును పిలవాలి. మా అమ్మాయి ఇదంతా నా చేత ఎక్కాల్లా అప్పజెప్పించుకుంది. ఆ రోజు పొద్దున అల్లుడు సూది వేసుకుని, టిఫిను డబ్బా వెనక సీట్లో పడేసి, క్లాసయ్యాక తింటానన్నాడు. అల్లుడు అన్నాక కాదనడానికి నేనెవరిని?

నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రటి దిమ్మె ఒకటుంది. అక్కడ కుడికి తిప్పమన్నాడు. తిప్పాను. మళ్ళీ కుడికన్నాడు. మళ్ళీ తిప్పాను. దిమ్మె మీది పూలకుండీలన్నీ నాకు పరిచయమైపోయాయి. గానుగెద్దులా తిరుగుతున్నానని తెలుస్తూనే ఉంది, కానీ మాస్టారూ ఆయనే, అల్లుడూ ఆయనే. మధ్యలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు మొదట చెయ్యెత్తాడు, తర్వాత ఈల వేశాడు, చివరికి విసుగొచ్చి మాతోపాటు మెడ తిప్పడం మొదలుపెట్టాడు.

అల్లుడు అద్దం తుడిచే వైపరును చూసి, పాఠం వింటున్నావా లేదా అని దాన్ని గద్దించినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. తిరిగి చూస్తే చొక్కా తడిసి ముద్దయింది. కారును పోలీసు ముందుకు తెచ్చి ఆపాను. నేను ఆపడమేంటి, అదే ఆగింది.

డబ్బా పక్కనున్న కూల్‌డ్రింకు సీసా మూత తీసి, కాస్త తాగండి బాబూ అన్నాను. క్లాసులో తినకూడదు, తాగకూడదు అని అల్లుడు మూతి బిగించేశాడు. బతిమాలాను. మా అమ్మాయి మీద ఒట్టు పెట్టాను. ఉలకడు, పలకడు. ఇంతలో పోలీసు వచ్చి, తాగి ఉన్నాడా అని అడిగాడు. తాగడం లేదనే కదయ్యా నా ఏడుపు అని సంగతి చెప్పాను. అతను అంబులెన్సుకు ఫోను చేశాడు. అది రావాల్సిన దారికి అడ్డంగా ఉన్నది మా కారే.

అల్లుడి కళ్ళు మూతలు పడసాగాయి. ఇంకాసేపైతే మింగలేడు. ఏం చేస్తే ఈ మనిషి నోరు తెరుస్తాడు? ఎవరైనా తప్పు చెబితే తెరుస్తాడు.

"క్లచ్ తొక్కితే హారన్ మోగుతుంది కదూ?" అన్నాను.

"కాదు..." అని నోరు తెరిచాడు. సీసా వంచాను. గుటక వేశాడు.

పోలీసు విషయం ఇట్టే పట్టేశాడు. ఎర్రలైటు పడితే ఇంకా వేగంగా పోవాలన్నాడు. అల్లుడికి ఒళ్ళు మండింది, ఇంకో గుక్క లోపలికి పోయింది. వెనక హారన్ కొట్టి కొట్టి అలసిన లారీ డ్రైవరు దిగొచ్చి, పక్క అద్దాలు తల దువ్వుకోవడానికే కదా అన్నాడు. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడేమోనని నాకిప్పటికీ అనుమానం. మొత్తానికి సీసా సగమైంది.

కాసేపటికి అల్లుడు చుట్టూ చూసి, మనమిక్కడ ఎందుకున్నామని అడిగాడు. ఆ మామూలు గొంతు వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంబులెన్సులో వచ్చిన నర్సు వేలు పొడిచి చూసి, చక్కెర పైకి వస్తోందని, వెంటనే ఏదైనా తినమని, బండి మాత్రం ముట్టుకోవద్దని చెప్పింది. లారీ డ్రైవరూ పోలీసూ కలిసి కారును పక్కకు నెట్టారు. మేమిద్దరం ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. డబ్బా విప్పి రొట్టె అతని చేతిలో పెట్టాను.

ఈ మధ్య చక్కెర పడిపోతున్నట్టు ముందుగా తెలియడం లేదని, ఇది మొదటిసారి కాదని అల్లుడు తలొంచుకుని చెప్పాడు. "అమ్మాయికి చెప్పకండి అత్తయ్యగారూ. డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది. ఆయన కొన్నాళ్ళు బండెక్కొద్దంటాడు. స్కూలేమైపోవాలి?"

నాకు కోపం ముంచుకొచ్చింది. మీరూ గీరూ అన్నీ పోయాయి.

"ఇందాక నువ్వు కళ్ళు తేలేస్తుంటే, దానికి ఏమని ఫోన్ చెయ్యాలా అనుకున్నాను నాయనా. ఆ ఫోన్ చెయ్యడం నా వల్ల కాదు. ఈ ఫోనైతే చెయ్యగలను."

అల్లుడు చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి. నేనే చెబుతాను."

అవతల మా అమ్మాయి ఏమంటోందో నాకు వినపడలేదు. అల్లుడు మాత్రం ఒక్క మాటకూ ఎదురు చెప్పకుండా ఊఁ కొడుతూ, ఊఁ కొట్టినప్పుడల్లా ఒక ముక్క రొట్టె తింటున్నాడు.