ఉగాది సంచిక ఫైలు

"ఫ్రీగా దొరికేదానికి విలువేముంటుంది సుభద్రా" అన్నాడు రాజగోపాల్, పెసరట్టు తుంచుకుంటూ. భార్య లాప్‌టాప్‌లో ఉచిత సాఫ్ట్‌వేరే ఉంటుందని అతనికి వేళాకోళం. జనక్‌పురి తెలుగు సంఘం ఉగాది సంచికకు సంపాదకుడు అతను. వ్యాసాలన్నీ అతని ఆఫీసు లాప్‌టాప్‌లో టైపు చేసేది సుభద్ర. కూర మాడకుండా చూసుకుంటూ, తలుపు తీస్తూ, ఏటా ఆ పుస్తకమంతా కొడుతుంది. "మా ఆవిడకి టైంపాస్" అంటాడు కమిటీ వాళ్లతో. ఆమె ఎంసీఏ చదివిందని వాళ్లెవరికీ తెలియదు.

అతను గుర్‌గావ్ ఆఫీసుకు వెళ్లిన కాసేపటికే ఫోన్ మోగింది.

"కొంప మునిగింది. ఫైలు తెరిస్తే తెలుగు లేదు, అంతా ఇంగ్లీషు పురుగులే పాకుతున్నాయి."

ఆమెకు వెంటనే అర్థమైంది. అతను పట్టుబట్టి వాడించిన పాత తెలుగు ఫాంటు ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన దొంగ కాపీ. ఆఫీసు వాళ్లు పాత లాప్‌టాప్ వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చారు. అది దొంగ ఫాంటును ఎక్కించుకోనివ్వదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో కొడదామని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో! ఆ అక్షరాల్లో అందం లేదన్నాడు. మధ్యాహ్నంలోగా ఫైలు అందకపోతే ప్రెస్సు వాడు వేరే పని ఎత్తుకుంటాడు. ఉగాదికి సంచిక ఉండదు.

"నాకు మెయిల్ చెయ్యండి" అంది. పాత ఫాంటును యూనికోడ్‌గా మార్చే ప్రోగ్రామ్ ఒకటి నెలల తరబడి రాసుకుంటోంది. పుస్తకం మొత్తం మీద ఎప్పుడూ నడపలేదు. ఇది పనిచేయకపోతే, తను ఇన్నాళ్లూ నిజంగానే టైంపాస్ చేసినట్టు.

నడిపింది. తెలుగు వచ్చింది గానీ ఒత్తులన్నీ పక్క అక్షరాల మీదికి దూకాయి. కుక్కర్ కూత పెట్టింది. లేచి స్టవ్ ఆపేసింది. ఈ పూట అన్నం ఆగుతుంది. ఒత్తుల నియమం తిరగరాసి మళ్లీ నడిపింది. పేజీ వెనక పేజీ, కడిగిన ముత్యాల్లా అక్షరాలు దిగుతుంటే ఒక్కతే గట్టిగా నవ్వేసింది. తన ఉచిత లిబ్రే ఆఫీస్‌లో పేజీలు సర్ది, పీడీఎఫ్ చేసి పంపింది. "ఏక్‌దమ్ సాఫ్ హై, దీదీ" అన్నాడు ప్రెస్సు వాడు, అక్షరాలన్నీ శుభ్రంగా వచ్చాయని.

ఆ ఊపులోనే ఇంకో పని కూడా చేసింది. నెలలుగా జంకిన పని.

ప్రోగ్రామ్ సంగతి ఆమె మెసేజ్‌లో చదివి రాజగోపాల్ ఫోన్ చేశాడు. అతనికి ప్రాణం లేచొచ్చింది. "ఆ ప్రోగ్రామ్ నాకు పంపు. ముంబయి సంఘం వాళ్లు కూడా ఇదే గోలలో ఉన్నారట. నేనే చేయించానని చెప్తాను."

"పంపక్కర్లేదండీ. ఇందాకే నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేశాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. షరతు ఒక్కటే, రాసినవాళ్ల పేరు తీసేయకూడదు."

అతను నవ్వబోయి ఆగాడు. "ఆ షరతు ఇంట్లోవాళ్లకి కూడానా?"

"ముందు ఇంట్లోవాళ్లకే" అంది సుభద్ర.