పైఅంతస్తు పసుపు గుడ్డలు

చీపురు గోడకి ఆనించి ఫుసాయే తల పైకెత్తి చూసింది. పైఅంతస్తు వరండా కమ్మీకి పసుపు గుడ్డలు వరసగా వేలాడుతున్నాయి. టొనోయికే గది ముందు గుడ్డ ఎప్పటిలాగే నలిగి ఉంది. కజివరా గది ముందుది ఎప్పటిలాగే అంచుకి అంచు కలిపి, ఇస్త్రీ చేసినట్టుంది. అందరూ లేచారన్నమాట. ఇవాళ్టికి మెట్లెక్కే పని తప్పింది. అమ్మయ్య అనుకుని ఆమె మళ్ళీ చీపురు అందుకుంది.

లేవగానే ఎవరి గుడ్డ వాళ్ళు కమ్మీకి తగిలించాలి. చీకటి పడే వేళకి లోపలికి తీసుకోవాలి. గుడ్డ కనబడని గది తలుపు ఫుసాయే వెళ్ళి తట్టాలి. ఆ ఇంటి ఏర్పాటు అది. ఒకప్పుడు దినకూలీల లాడ్జి. ఒసాకాలో నిషినారి వైపు అలాంటివి సందుకొకటి ఉండేవి. కూలి పనులు పోయాయి, కూలీలు ముసలివాళ్ళయ్యారు, లాడ్జీలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడందులో నిన్నమొన్నటిదాకా పార్కుల్లో, వంతెనల కింద పడుకున్నవాళ్ళు ఉంటున్నారు. గదంటే మూడు చాపల గది, కాళ్ళు చాపితే గోడ తగులుతుంది. అయినా దానికో తలుపుంది, తలుపుకి లోపల గొళ్ళెం ఉంది. ఆ గొళ్ళెం ఎంత గొప్పదో బయట పడుకున్నవాళ్ళని అడగాలి.

ఫుసాయేని అడిగినా చెబుతుంది. పదిహేనేళ్ళప్పుడు షికోకు దీవి నుంచి నూలు మిల్లులో పనికి వచ్చింది. మిల్లు మూతపడ్డాక ఓ సత్రంలో గిన్నెలు తోమింది. కట్టుకున్నవాడు కూలికి వెళ్ళి తాగొచ్చేవాడు, కొన్నాళ్ళకి తాగి కూలికి వెళ్ళేవాడు, చివరికి ఎటూ వెళ్ళకుండా పార్కులో నీలం పట్టా కింద పడుకునేవాడు. ఆమె కూడా ఆ పట్టా కిందే పడుకుంది. ఒక చలికాలం పొద్దున అతను లేవలేదు. పక్క పట్టా వాళ్ళు పడుకున్నాడనుకున్నారు. గంజి కోసం వరసలో నిలబడి వచ్చిన ఫుసాయే కూడా పడుకున్నాడనే అనుకుని, చల్లారిపోతుందని గంజి గిన్నెని తన కోటులో పెట్టుకుని కూర్చుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. ఈ ఇంటి కాపలా పని ఇస్తామన్నప్పుడు మాత్రం జీతం ఎంతో కూడా అడక్కుండా ఒప్పుకుంది.

పొట్టి మనిషి. నీళ్ళలో నాని నాని వేళ్ళ కణుపులు లావెక్కాయి. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. ఆ ఇనప మెట్లు ఒక్కసారి ఎక్కి దిగితే ఆ రోజంతా మోకాళ్ళకి మొక్కుకుంటూ తిరగాల్సిందే. ఈ చలికాలం మాత్రం అదృష్టం బాగుంది. ఒక్కరోజూ ఒక్క గుడ్డా తప్పలేదు.

సందు మలుపులో ఖాళీ డబ్బాల మూటలతో బండి చప్పుడైంది. హిగా. ఒకినావా మనిషి, నది గట్టున అట్టపెట్టెల గూట్లో ఉంటాడు. మనిషి కనబడక ముందే దగ్గు వినబడుతుంది. పోయిన చలికాలం ఊపిరితిత్తులకి నిమ్ము చేసి ఆస్పత్రిలో పడ్డాడు. మరో చలికాలం బయట పడుకుంటే బతకడని అక్కడ తెగేసి చెప్పారు.

"అక్కా, నా గది సంగతేంటి?"

"ఇవాళే కదా మీటింగు. ఇల్లుగలావిడ ఊఁ అనాలి."

"అనకపోతే?"

"అనిపిస్తా. ముందా మెడకి గుడ్డ చుట్టుకో. గదొచ్చేదాకా అయినా బతికుండు."

"నువ్వు నోరు తెరిస్తే చాలక్కా, దీవెనో శాపమో తెలియదు," అని నవ్వబోయి దగ్గాడు.

మీటింగు గుడి వెనక గదిలో. నెలకోసారి అక్కడ అందరూ కూడతారు. గంజి వండే ఆడవాళ్ళు, వారానికోసారి ఉచితంగా స్నానం చేయనిచ్చే స్నానాలశాల ఆసామి, వార్డు ఆఫీసు కుర్రాడు, పూజారి. అద్దెకి పూచీ గుడి పడుతుంది. ఒక్కొక్కళ్ళూ ఒక చెయ్యి వేస్తేనే ఒక మనిషి రోడ్డు మీంచి గదిలోకి వస్తాడు. అందరూ చేతులు వేసి సిద్ధంగా ఉన్నా ఇనుబుషి గారు తల ఊపకపోతే అవన్నీ గాల్లోనే ఉంటాయి. ఇల్లు ఆవిడది.

ఆవిడ కమలాపండు ఒలుస్తూ అంది: "నేనేం రాయిని కాదు. కానీ వెనక సందులో ఏం జరిగిందో చూశారుగా. ముసలాయన పోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు, వాసనొస్తే తెలిసింది. ఆ గది ఇప్పటికీ ఖాళీ. నా ఇంట్లో అట్లా ఒక్కటి జరిగిందంటే అందర్నీ పంపించేసి తాళం పెట్టేస్తాను. ముందే చెప్తున్నా."

"ఫుసాయే ఉంది కదమ్మా," అన్నాడు పూజారి.

"ఉందనే కదా ఇంతమందిని ఉండనిచ్చింది. ఏమ్మా, ఇవాళ అందర్నీ చూశావా?"

"చూశానండి. అందరూ బాగున్నారు."

"కజివరా? మొన్న కనబడితే మొహం కళ తప్పినట్టుంది."

ఫుసాయే కళ్ళముందు ఇస్త్రీ చేసినట్టున్న పసుపు గుడ్డ మెదిలింది. "ఆయనా బాగానే ఉన్నాడు అమ్మగారూ."

ఇనుబుషి గారు రెండు తొనలు నోట్లో వేసుకుని, తీరిగ్గా గింజలు తీసి తొక్కలో పెట్టింది. "సరే. ఆ హిగానో ఎవరో, ఎల్లుండి రమ్మను. నీ మాట మీద ఇస్తున్నా, గుడి మాట మీద కాదు." పూజారి నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు, తర్వాత నవ్వేశాడు.

ఆ కబురు చెప్పడానికి ఫుసాయే కుంటుకుంటూ గట్టుదాకా వెళ్ళింది. హిగా డబ్బాలు తొక్కి అణగ్గొడుతున్నాడు. విన్నాక కూడా ఇంకో నాలుగు డబ్బాలు తొక్కాడు. ఆ తర్వాత, "గోడకి మేకు కొట్టుకోనిస్తారా అక్కా? టోపీ తగిలించుకుంటా," అన్నాడు. అడ్డమైన ప్రశ్నలూ వేయొద్దని ఫుసాయే కసిరి వచ్చేసింది.

ఇంటికి చేరేసరికి వెలుగు తగ్గుతోంది. వరండాలో ఒక్కొక్క గుడ్డే లోపలికి పోతోంది. ఆమె బియ్యం కడిగి, సందులో నీళ్ళు పారబోసి, మళ్ళీ చూసింది. ఒక్క గుడ్డ ఉంది.

"కజివరా గారూ! మీ గుడ్డ తీయలేదండీ!"

గుడ్డ అలాగే ఉంది. స్నానానికి వెళ్ళాడేమో అనుకుంది. స్నానానికి వెళ్ళేవాడు గుడ్డ తీసే వెళ్తాడు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ మోపుతూ ఎక్కింది. తలుపు తట్టింది. నడుముకున్న తాళాల గుత్తిలోంచి, లోపలి గొళ్ళెం బయటినుంచి తెరిచే చెవి తీసి తిప్పుతుంటే ఆమెకి తెలిసిపోయింది.

ఆయన గోడకి చేరగిలబడి, కాళ్ళమీద దుప్పటి కప్పుకుని, గడ్డం గుండెలమీద వాల్చి ఉన్నాడు. లైటు వెలుగుతోంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఆమె చెంప ముట్టుకుంది. ఇప్పటి చల్లదనం కాదు అది.

వెనక టొనోయికే వచ్చి నిలబడ్డాడు.

"పొద్దున్నే గుడ్డ ఉందిగా," అంది ఫుసాయే. "నేను చూశాగా."

"నిన్న సాయంత్రమే తగిలించాడక్కా."

"నిన్న సాయంత్రమా?"

"పొద్దున ఒకవేళ లేటుగా లేస్తే నువ్వు ఈ మెట్లెక్కి రావాలి కదా అని. చలి మొదలైనప్పటి నుంచీ అంతే. ఆయనొక్కడే కాదు." టొనోయికే తల దించుకున్నాడు. "మేమందరం అంతేనక్కా. సాయంత్రం తీస్తాం, నువ్వు లోపలికెళ్ళగానే మళ్ళీ తగిలిస్తాం. నీ మోకాళ్ళు చూళ్ళేక."

ఫుసాయేకి ఒళ్ళు మండిపోయింది. "నన్ను నిలువునా చంపేశారు కదయ్యా మీరంతా కలిసి," అంది మెల్లగా. అక్కడే చాపమీద కూలబడింది.

డాక్టరుకి, పూజారికి ఫోన్ చేశారు. అందరికంటే ముందు పక్క సందులోంచి ఇనుబుషి గారే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, మోకరిల్లి, చేతులు జోడించింది.

"ఎప్పుడు?" అంది.

"మధ్యాన్నం అయి ఉంటుందమ్మగారూ," టొనోయికే గబగబా అందుకున్నాడు. "పొద్దున నాతో బాగానే మాట్లాడాడు. అక్క కూడా చూసింది."

ఇనుబుషి గారు ఫుసాయే వైపు తిరిగింది. ఊఁ అంటే చాలు. హిగా ఎల్లుండి వచ్చి గోడకి మేకు కొట్టుకుంటాడు. ఫుసాయే ఆ ఊఁ కోసం నోరు తెరిచింది కూడా. పార్కులో కోటు లోపల గంజి గిన్నె వెచ్చగా తగిలింది ఆమెకి, అన్నేళ్ళ తర్వాత.

"చూళ్ళేదండి," అంది. "గుడ్డని చూశాను. మనిషిని చూళ్ళేదు. రాత్రే పోయాడు. నేను మెట్లెక్కలేనని వీళ్ళు గుడ్డలు ముందే కడుతున్నారట. నాకు తెలీదు. తెలుసుకోవాల్సింది."

"అంటే ఈ చలికాలమంతా నా ఇంటికి కాపలా గుడ్డపేలికలన్నమాట."

కింద పూజారి సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఇనుబుషి గారు కజివరా ముక్కు మీంచి కళ్ళజోడు తీసి, మడిచి, ఆయన ఒళ్ళో పెట్టింది.

"పొద్దున నేనడిగితే బాగున్నాడన్నావు."

"అన్నానండి."

"ఇప్పుడు అబద్ధం చెప్పి ఉంటే తెల్లారేసరికి తాళం పడేది." ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "మాటిచ్చాను, మీ వాణ్ణి రానీ. కానీ గుడ్డలన్నీ తీసి పారేయ్. రోజూ ఎక్కుతావు, ప్రతి తలుపూ తడతావు, మొహం చూస్తావు. ఎక్కలేని రోజు నాకు చెప్పు. ఆ రోజు ఇల్లు మూసేస్తా."

"ఎక్కుతానండి," అంది ఫుసాయే. ఎలా ఎక్కుతుందో ఆమెకే తెలియదు.

పూజారి లోపలికి వచ్చి మంత్రాలు మొదలుపెట్టాడు. చోటు చాలక ఫుసాయే మూలకి జరిగింది. మోచేతికి ఏదో చెక్క తగిలింది. కజివరా కాంక్రీటు పోసేందుకు చెక్కలు బిగించే పనిలో బతికినవాడు. ఏదో ఒకటి చెక్కుతూనే ఉంటాడులే అనుకుందామె.

"మెట్ల మలుపులో వేద్దామని," టొనోయికే ఆమె చెవిలో చెప్పాడు. "ఎక్కేటప్పుడు నువ్వు కాసేపు కూర్చోడానికి."

చిన్న పీట. కూర్చునే చెక్క అంచులన్నీ నున్నగా గుండ్రంగా చెక్కి ఉన్నాయి. మూడు కాళ్ళు బిగించి ఉన్నాయి, నాలుగోది పక్కనే, పాత పేపరు మీద, చెక్క పొట్టులో పడి ఉంది.